మొదటి మార్న్ యుద్ధము

మొదటి మార్న్ యుద్ధము మొదటి ప్రపంచ యుద్ధపు తొలి రోజులలో, 1914 సెప్టెంబరు 5 నుండి 12 వరకు, ఫ్రాన్సులో పారిస్ నగరానికి తూర్పున మార్న్ నదీ పరీవాహక ప్రాంతములో జరిగినది. ఒక నెల రోజులుగా ఎదురులేకుండా సాగివచ్చిన జర్మనీ సైన్యాలను ఫ్రెంచి, బ్రిటిషు సైన్యాలు ఇక్కడ నిలువరించి వెనుకకు మరల్చినవి. 1918 జూలైలో ఇదే ప్రాంతములో జరిగిన పోరును రెండవ మార్న్ యుద్ధము అంటారు.

నేపథ్యము

జర్మనీకి తూర్పున రష్యా, పడమట ఫ్రాన్సు శత్రువులు. రెండు వైపులా ఒకేసారి పోరాడవలసి వస్తే గెలుపు దుర్లభమని జర్మనీ సేనానులు ఏనాడో గుర్తించారు. 1906 వరకు సైనిక ప్రధానాధికారిగా పనిచేసిన ఆల్ఫ్రెడ్ ఫాన్ ష్లీఫెన్ ఆలోచనల ఆధారముగా ఒక పథకము రూపొందినది. రష్యా వంటి విశాల దేశము తన సైన్యాన్ని సమీకరించుకొనడానికి చాలా వారాలు పడుతుంది. ఆ లోపల, అనగా సుమారు ఆరు వారాలలో, బెల్జియం మీదుగా వచ్చి ఫ్రాన్సును ఓడించి, తరువాత తూర్పునకు తిరగాలి. పథకమంతా కాలముపైననే ఆధారపడి ఉన్నది. ఒక్కొక్క రోజు ఆలస్యము కూడా ప్రమాదకరమే.

తొలి పోరాటాలు

జర్మనీ 1914 ఆగస్టు 4న తటస్థ దేశమైన బెల్జియంలో ప్రవేశించినది. ఆ కారణముగా బ్రిటన్ కూడా యుద్ధములోనికి దిగినది. లియేజ్ నగరము చుట్టూ ఉన్న 12 కోటలు జర్మన్లను కొన్ని రోజులు అడ్డుకొన్నవి కాని, 420 మి.మీ. భారీ ఫిరంగుల ముందు నిలువలేక ఆగస్టు 16 నాటికి అన్నీ లొంగిపోయినవి.

ఇదే సమయములో ఫ్రెంచి సైన్యము లోరెయిన్, ఆర్డెన్ ప్రాంతాలలో ఎదురుదాడికి దిగి ఘోరముగా దెబ్బతిన్నది. ఫ్రెంచి సైనికులు అప్పటికింకా ఎర్రని లాగులు ధరించి, బారులు తీరి మరతుపాకుల ఎదుటికి నడిచారు. ఆగస్టు 22న ఒక్కరోజే సుమారు 27,000 మంది ఫ్రెంచి సైనికులు మరణించారు. మరునాడు మోన్స్ వద్ద బ్రిటిషు దళము కూడా పోరాడి వెనుదిరిగినది. సెప్టెంబరు 2న ఫ్రెంచి ప్రభుత్వము పారిస్ వదలి బోర్డో నగరానికి తరలిపోయినది.

అయితే రష్యా అనుకొన్నదానికంటె ముందే తూర్పు ప్రష్యాపై దండెత్తినది. కలవరపడిన జర్మనీ సైన్యాధిపతి మోల్ట్‌కే పశ్చిమ రంగము నుండి రెండు కోర్‌లను తూర్పునకు పంపాడు. అవి చేరేలోగానే టానెన్‌బర్గ్ యుద్ధము (ఆగస్టు 26-30) జర్మనీ విజయముతో ముగిసినది! ఆ విధముగా ఆ రెండు కోర్‌లు కీలకమైన రోజులలో ఏ రంగమునకూ అక్కరకు రాలేదు.

యుద్ధ గమనము

కుడి పార్శ్వములో ఉన్న జర్మనీ మొదటి సైన్యానికి అధిపతి అలెగ్జాండర్ ఫాన్ క్లుక్. ఇతడు పారిస్‌ను పడమటి నుండి చుట్టిరావడానికి బదులు, వెనుదిరుగుతున్న ఫ్రెంచివారిని తరుముతూ నగరానికి తూర్పు వైపునకు మరలాడు. దీనితో అతని పార్శ్వము పారిస్ వైపు అరక్షితముగా మిగిలినది. విమానములలో వెళ్ళిన పరిశీలకులు ఈ మలుపును కనిపెట్టారు. పారిస్ సైనిక గవర్నరు గాలియేని ఇదే అదనని పట్టుబట్టగా, ఫ్రెంచి సైన్యాధిపతి జోఫ్రె తిరోగమనాన్ని ఆపి ఎదురుదాడికి ఆజ్ఞాపించాడు.

సెప్టెంబరు 5న ఊర్క్ నది వద్ద ఫ్రెంచి ఆరవ సైన్యము క్లుక్ దళాలను ఢీకొన్నది. కవి షార్ల్ పెగీ ఆనాడే నేలకొరిగాడు. క్లుక్ తన బలగాలను పడమటికి తిప్పుకొనడముతో అతని సైన్యానికి, పక్కన ఉన్న బ్యూలో యొక్క రెండవ సైన్యానికి మధ్య దాదాపు 50 కిలోమీటర్ల ఖాళీ ఏర్పడినది. ఆ ఖాళీలోనికి బ్రిటిషు దళము, ఫ్రెంచి అయిదవ సైన్యము ప్రవేశించినవి.

పారిస్ నుండి సుమారు 600 టాక్సీలు కొన్ని వేల మంది సైనికులను రణరంగానికి చేర్చిన కథ బహుళ ప్రచారము పొందినది. మీటరు లెక్క ప్రకారమే ప్రభుత్వము బాడుగ చెల్లించినది. లక్షలాది మంది తలపడిన యుద్ధములో ఈ సైనికుల సంఖ్య స్వల్పమే. టాక్సీలు యుద్ధాన్ని గెలిపించినవనడము అతిశయోక్తి అయినా, నగర ప్రజలకు అవి ఇచ్చిన ధైర్యము మాత్రము తక్కువది కాదు.

మోల్ట్‌కే సుదూరాన లక్సెంబర్గ్‌లో ఉండి, వార్తలు సరిగా అందక అంధకారములో ఉన్నాడు. పరిస్థితి తెలుసుకొనడానికి లెఫ్టినెంట్ కర్నల్ హెంచ్‌ను పంపాడు. బ్యూలో వెనుదిరుగుటకే నిశ్చయించుకొన్నాడని గ్రహించిన హెంచ్, సెప్టెంబరు 9న క్లుక్ సైన్యమును కూడా వెనుకకు మరల్చాడు. ఒక మధ్యస్థాయి అధికారి మాటపై ఇంత పెద్ద నిర్ణయము జరగడము సబబేనా అన్న చర్చ చరిత్రకారులలో చాలాకాలము సాగినది. కాని నెల రోజుల నడకతో అలసి, ఆహార సరఫరా వెనుకబడిన సైన్యము అక్కడ ఎంతకాలము నిలువగలిగేదన్నది సందేహమే.

పర్యవసానము

జర్మన్లు ఎయిన్ నది ఆవలి గట్టున కందకాలు త్రవ్వుకొని నిలిచారు. వారిని అక్కడ నుండి కదల్చడము సాధ్యపడలేదు. ఉభయ పక్షాలు ఒకదానినొకటి చుట్టుముట్టే ప్రయత్నములో ఉత్తరముగా సాగి అక్టోబరుకు సముద్రాన్ని చేరాయి. కందకాల వరుస స్విట్జర్లాండు సరిహద్దు వరకు విస్తరించినది. సెప్టెంబరు 14న మోల్ట్‌కే స్థానములో ఫాల్కెన్‌హైన్ నియమితుడయ్యాడు. మార్న్ వద్ద హతులు, క్షతగాత్రులు, జాడ తెలియనివారు కలిపి ఫ్రెంచి, జర్మనీ పక్షాలలో ఒక్కొక్క వైపు సుమారు రెండున్నర లక్షలని అంచనా.

భారతదేశముతో సంబంధము

మార్న్ యుద్ధములో భారతీయ దళాలు లేవు. లాహోరు డివిజను సెప్టెంబరు నెలాఖరులో మార్సెయ్ రేవులో దిగి, అక్టోబరులో బెల్జియంలోని ఈప్ర్ పోరులో పాల్గొన్నది. అక్కడ అక్టోబరు 31న చూపిన సాహసానికి సిపాయి ఖుదాదాద్ ఖాన్ విక్టోరియా క్రాస్ పొందాడు. అంతకు ముందే, సెప్టెంబరు 22 రాత్రి, జర్మనీ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు రేవులోని చమురు తొట్టెలపై గుండ్లు కురిపించినది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి.