వకాలతు వదిలి మన బడులకు పెద్దసారైన రాస్ మసూద్

ఈ ఎపిసోడ్‌కు కారణం మా తాత కాగితాలు.

మాది కోరుట్ల. పోయిన నెల ఇల్లు సర్దుతుంటే పాత ట్రంకుపెట్టెలో తాత రాసుకున్న లెక్కలు దొరికినయి. ఒక్క ముక్క చదవలేకపోయిన. అన్నీ ఉర్దూ. తాత ఇంట్లో మాట్లాడింది తెలుగే, మమ్మల్ని తిట్టింది కూడా తెలుగులోనే. కానీ కలం పట్టుకుంటే మాత్రం చెయ్యి కుడి నుంచి ఎడమకే పోయేది. నాయినను అడిగితే, "అప్పుడు పెద్ద బడి అంటే ఉర్దూ బడే గదరా" అన్నడు. మరి ఆ బడులను ఎవరు నడిపిన్రు? ఈ ప్రశ్న పట్టుకుని పోతే ఒక లాయర్ దగ్గర తేలిన.

ఆయన పేరు సర్ సయ్యద్ రాస్ మసూద్. 1916 నుంచి 1928 దాకా హైదరాబాద్ సంస్థానంలో విద్యాశాఖ డైరెక్టర్. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అప్పుడు నిజాం రాజ్యంలోనే ఉన్నాయి కాబట్టి ఇక్కడి సర్కారు బడులు కూడా ఆ శాఖ కిందికే వచ్చేవి. తర్వాత ఆయన అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యారు. మనం వైస్ ఛాన్సలర్ అనే పోస్టునే అమెరికాలో ప్రెసిడెంట్ అంటారు.

ఆయన పుట్టింది 1889లో. తాత సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్, అలీగఢ్ కాలేజీ పెట్టిన మనిషి. తండ్రి సయ్యద్ మహమూద్ అలహాబాద్ హైకోర్టు జడ్జి. పేరున్న తీర్పులు రాశాడు, కానీ చీఫ్ జస్టిస్‌తో పడక 1893లో కుర్చీ దిగాల్సి వచ్చింది. పిల్లవాడికి పద్నాలుగేళ్లకే తండ్రి పోయాడు. అలీగఢ్ కాలేజీ ప్రిన్సిపాల్ థియోడర్ మారిసన్ గార్డియన్‌గా ఉండి ఇంగ్లండ్ తీసుకెళ్లాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చేరాలంటే లాటిన్ రావాలి. 1906లో ట్యూషన్ మాస్టర్‌గా దొరికిన యువకుడు ఎవరనుకున్నరు? ఈ.ఎం. ఫార్‌స్టర్. ఇంగ్లీష్ సాహిత్యం చదివినవాళ్లకు వెంటనే వెలిగి ఉంటది. ఆయన 1924లో రాసిన 'ఎ పాసేజ్ టు ఇండియా' నవలను అంకితం ఇచ్చింది ఈ మసూద్‌కే. లాటిన్ ఎంత వచ్చిందో గానీ స్నేహం మాత్రం చివరిదాకా నిలిచింది.

1912లో బారిస్టర్ అయి వచ్చి పాట్నాలో ప్రాక్టీసు పెట్టారు. జడ్జి కొడుకు, ఆక్స్‌ఫర్డ్ డిగ్రీ, సర్ సయ్యద్ మనవడు. ఇంకేం కావాలె? కానీ 1913లోనే నల్లకోటు పక్కన పెట్టి విద్యాశాఖ ఉద్యోగంలో చేరిపోయారు. ముందు పాట్నాలో హెడ్‌మాస్టర్, తర్వాత కటక్ కాలేజీలో చరిత్ర పాఠాలు, అక్కడి నుంచి హైదరాబాద్.

ఇక్కడే కథ మన దాకా వస్తది, కొంచెం నిదానంగా చెప్త.

ఆయన వచ్చిన మరుసటి సంవత్సరం, 1917లో, ఉస్మానియా యూనివర్సిటీకి నిజాం ఫర్మానా వచ్చింది. అక్బర్ హైదరీ ఆలోచనను ముందుకు నడిపారు, మసూద్ దానికి గట్టిగా భుజం పట్టారు. దేశంలో మిగతా యూనివర్సిటీలు దాదాపు అన్నీ ఇంగ్లీషులో పాఠాలు చెబుతుంటే ఇక్కడ ఫిజిక్స్, చరిత్ర, లా అన్నీ ఉర్దూలో. పుస్తకాలు లేకపోతే అనువాదం చేయడానికి ఒక ప్రత్యేక శాఖనే పెట్టారు. పరాయి భాషలో బట్టీ పట్టి పాసయ్యే చదువు చదువే కాదన్నది వాళ్ల వాదన. ఇంగ్లీష్ మీడియంలో చేరి మొదటి నెల అంతా వెనక బెంచీలో గప్‌చుప్‌గా కూర్చున్న నాకు ఆ వాదన బాగానే అర్థమైతది.

1922లో మసూద్ జపాన్ పోయారు, అక్కడి చదువు ఎట్లుందో చూసి రమ్మని. తిరిగొచ్చి రాసిన రిపోర్టు 1923లో పుస్తకంగా వచ్చింది. జపాన్ వాళ్లు పడమటి సైన్సునంతా నేర్చుకున్నారు, కానీ తమ పిల్లలకు తమ భాషలోనే చెప్పారు, అందుకే అంత త్వరగా ఎదిగారు. ఆయన పట్టుకొచ్చిన పాఠం ఇది.

పాఠం మంచిదే. మరి లెక్క ఎక్కడ తప్పింది? నిజాం రాజ్యంలో దాదాపు సగం మంది ఇంట్లో తెలుగు. ఆ తర్వాత మరాఠీ, కన్నడ. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నది సుమారు పదిమందిలో ఒకరికి. జపాన్‌లో జపనీస్ అంటే ఇంటి భాషే. ఇక్కడ ఉర్దూ అంటే సర్కారు భాష. చిన్న తరగతుల్లో తెలుగు ఉన్నా, పైకి పోవాలంటే ఉర్దూ దాటాల్సిందే. ఆక్స్‌ఫర్డ్ కోసం మసూద్ లాటిన్ నేర్చినట్టే, కోరుట్ల పిలగాడు హైస్కూల్ కోసం ఉర్దూ నేర్వాలె. తేడా ఏందంటే, మా తాతకు ఫార్‌స్టర్ లాంటి ట్యూషన్ మాస్టర్ దొరకలే.

ఇది నేను ఇప్పుడు కూర్చుని తీస్తున్న తప్పు కాదు. అప్పటి మనుషులకే తెలుసు. 1921 నవంబర్‌లో హైదరాబాద్‌లో కర్వే అధ్యక్షతన ఒక సంస్కరణ సభ జరిగింది. అక్కడ ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలోనివాళ్లు గోల చేసి ఆపేశారు. ఆయన కూడా వకీలే. ఆ అవమానం నుంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది, 1935లో దాని నాలుగో సభ మన సిరిసిల్లలో జరిగింది. అధ్యక్షుడు మాడపాటి హనుమంతరావు, మళ్లీ వకీలే! ఆయన అప్పటికే హైదరాబాద్ నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు మీడియం బడి పెట్టించారు. ఇక్కడ గుర్తింపు దొరకక ఆ బడిని పుణెలో కర్వే మహిళా యూనివర్సిటీకి అనుబంధం చేసుకోవాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో తెలుగులో చదివే పిల్లకు పరీక్ష పుణె వాళ్లు పెట్టాలె. చూడండి మరి.

మసూద్ సిరిసిల్ల సభ నాటికి ఇక్కడ లేరు. 1929లో అలీగఢ్ వైస్ ఛాన్సలర్ అయ్యారు. తాత పెట్టిన కాలేజీ 1920లో యూనివర్సిటీ అయింది కానీ లోపల గొడవలు, చదువులో నాణ్యత లేదన్న పేరు. దాన్ని లేపాలని సైన్సు మీద పడ్డారు. పేరులో ముస్లిం అని ఉన్నా, పాఠం చెప్పేవాడి మతం చూడలేదు. ఫ్రాన్స్ నుంచి ఇరవై మూడేళ్ల ఆంద్రె వెయిల్ అనే యూదు కుర్రాణ్ని ప్రొఫెసర్‌గా తెచ్చారు. ముందు ఫ్రెంచ్ నాగరికత చెప్పిస్తామని మాటిచ్చి, అది కుదరక, లెక్కల పోస్టు ఖాళీ ఉంది వస్తావా అని టెలిగ్రాం కొట్టారట. వచ్చాడు. ఆయన మన డి.డి. కోశాంబిని కూడా అలీగఢ్‌కు పిలిచాడు. రెండేళ్లకే మసూద్‌కూ వెయిల్‌కూ చెడి ఉద్యోగం పోయింది, అది వేరే కథ. కానీ ఆ కుర్రాడు తర్వాత 20వ శతాబ్దపు పెద్ద గణితవేత్తల్లో ఒకడయ్యాడు. ఎన్‌క్రిప్షన్ చదివేవాళ్లకు 'వెయిల్ పెయిరింగ్' అని తగులుతది. ఆ వెయిల్ ఈయనే.

1933లో సర్ బిరుదు, అదే ఏడు కవి ఇక్బాల్‌తో కలిసి చదువుల మీద సలహా ఇవ్వడానికి అఫ్ఘానిస్తాన్ ప్రయాణం. 1934లో అలీగఢ్‌లో రాజీనామా, తర్వాత భోపాల్ సంస్థానంలో విద్యామంత్రి. 1937 జూలైలో చనిపోయారు, 48 ఏళ్లకే. సమాధి అలీగఢ్ క్యాంపస్‌లో ఉంది.

నాకు ఈయన మీద కోపం రాలేదు, అది ఒప్పుకోవాలె. కోర్టులో సంపాదించుకోగలిగినవాడు బడి పనికి వచ్చాడు. సొంత భాషలో చదువన్న మాట గట్టిగా పట్టుకున్నాడు. కానీ అదే మాట మాడపాటి తెలుగు కోసం అంటే ఆ సర్కారుకు వినబడలేదు. ఆ నష్టం మా తాత లాంటివాళ్లు చెల్లించారు.

అట్లని అందరూ ఆగిపోలేదు. వేములవాడ దగ్గర హనుమాజీపేటలో 1931లో పుట్టిన ఒక పిల్లవాడు సిరిసిల్లలో ఉర్దూ మీడియంలో చదివాడు, తర్వాత కరీంనగర్, ఆ తర్వాత ఉస్మానియా. గజళ్లు తెలుగులో రాశాడు. జ్ఞానపీఠం తెచ్చాడు. 1989లో తెలుగు విశ్వవిద్యాలయానికే వైస్ ఛాన్సలర్ అయి కూర్చున్నాడు. మన సినారె.

తాత కాగితాలు ఇప్పుడు జగిత్యాలలో ఉర్దూ వచ్చిన ఒక సార్ దగ్గర ఉన్నయి. మొదటి పేజీ చదివి ఫోన్ చేసిండు. వడ్ల లెక్కలట. మధ్యలో ఒక్కచోట మాత్రం మా నాయనమ్మ పేరు, దాని పక్కన రెండు తెలుగు అక్షరాలు ఉన్నయన్నడు.