ముల్లు ఆగాక పరుగు

1996లో జర్మనీ గ్రీన్ పార్టీ నాయకుడు యోష్కా ఫిషర్ బరువు 112 కిలోలు. కాపురం చెదిరిన ఆ ఏడాదే ఆయన బాన్ నగరంలో, రైన్ నది ఒడ్డున పరుగు మొదలుపెట్టారు. తొలి రోజుల్లో కొన్ని వందల మీటర్లకే ఆయాసం వచ్చేది. ఏడాది తిరిగేసరికి 75 కిలోలకు దిగారు. బరువు తగ్గడం ఒక్కటే ఆయనకు కావలసిందైతే ఆ కథ అక్కడితో అయిపోయేది. కానీ 1998 ఏప్రిల్‌లో హాంబర్గ్ మారథాన్‌లో 42.195 కిలోమీటర్లనూ 3 గంటల 41 నిమిషాల్లో పరుగెత్తారు. అదే ఏడాది దేశ విదేశాంగ మంత్రి అయ్యారు.

అందరికీ అలా సాగదు. బరువు తగ్గుతున్నన్నాళ్లూ ఉత్సాహానికి కొదవుండదు. వారం వారం బరువు చూసే యంత్రం ముల్లు కిందికి జరుగుతుంది, బెల్టుకు కొత్త చిల్లు పడుతుంది, చొక్కాలు టైలర్ దగ్గరికి వెళ్తాయి, పెళ్లిలో కలిసిన పిన్ని ‘ఇంత చిక్కిపోయావేంట్రా!’ అంటుంది. అనుకున్న అంకె రాగానే ఇవన్నీ ఆగిపోతాయి. తెల్లవారుజామున అలారం మోగినా లేవడానికి కారణం కనబడదు. దీన్ని బద్ధకం అనడం అన్యాయం.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డెసి 1971లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ గుర్తుకొస్తుంది. ఏడు ముక్కలను రకరకాల ఆకారాల్లో పేర్చే సోమా పజిల్‌ను ఆయన కాలేజీ విద్యార్థులకు ఇచ్చారు. మొదటి రోజు డబ్బు లేదు. రెండో రోజు సగం మందికి, పూర్తిచేసిన ఒక్కో ఆకారానికి ఒక డాలర్ ఇచ్చారు. మూడో రోజు మళ్లీ ఏమీ లేదు. మధ్యలో ఆయన ఏదో పని ఉన్నట్టు ఎనిమిది నిమిషాలు గది బయటికి వెళ్లేవారు. బల్ల మీద పత్రికలుండేవి, పజిల్ ఉండేది. ఎవరు దేన్ని అందుకుంటారో అద్దం వెనక నుంచి చూశారు. డబ్బు రుచి మరిగినవాళ్లు మూడో రోజు పజిల్‌ను మొదటి రోజంత సేపు కూడా పట్టుకోలేదు. బరువు చూసే యంత్రం చేసేదీ ఇదే. రోజూ కూలి ఇచ్చి, ఒకరోజు మానేస్తుంది. అయితే డెసి మరో ప్రయోగంలో డబ్బుకు బదులు ‘బాగా చేశావు’ అని మెచ్చుకుంటే, మెచ్చుకోలు దక్కనివాళ్లతో పోలిస్తే ఆసక్తి పెరిగినట్టు కనబడింది.

శరీరం కూడా ఎదురు తిరుగుతుంది. కొవ్వు తగ్గితే ఆకలిని అదుపులో ఉంచే లెప్టిన్ హార్మోన్ తగ్గుతుంది. బరువు తగ్గే ‘ది బిగ్గెస్ట్ లూజర్’ టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం ఆరేళ్ల తర్వాత పరీక్షించింది. విశ్రాంతిలో వాళ్ల శరీరాలు ఉండాల్సినదానికంటే రోజుకు సుమారు 500 క్యాలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయి. చాలామందికి పోయిన బరువులో ఎక్కువ భాగం తిరిగొచ్చింది. నిలబెట్టుకున్నవాళ్లలో శారీరక శ్రమ మిగతావాళ్లకంటే బాగా పెరిగి ఉంది.

మారథాన్ సాధన పనికొచ్చేది ఇక్కడే. ముల్లు కదలకపోయినా లోపల మార్పులు సాగుతూనే ఉంటాయి. 1967లో శాస్త్రవేత్త జాన్ హాలోజీ ఎలుకలను ట్రెడ్‌మిల్ మీద వారాల తరబడి పరుగెత్తించి చూస్తే, వాటి కండరాల మైటోకాండ్రియాలో శక్తిని పుట్టించే ఎంజైములు దాదాపు రెట్టింపయ్యాయి. మనుషుల కండరాలూ అదే దారిన మారతాయి. పోయిన నెల ఆయాసపడిన ఫ్లైఓవర్ ఈ నెల మాట్లాడుకుంటూ ఎక్కేయగలిగితే, డెసి చెప్పిన ఆ మెచ్చుకోలు ఒంటి నుంచే వస్తుంది. తగ్గిన బరువూ సాయం చేస్తుంది: కీళ్లనొప్పులున్న పెద్దవాళ్లలో ఒక కిలో తగ్గితే నడకలో అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో పరిశోధకుడు స్టీఫెన్ మెసియర్ బృందం లెక్కకట్టింది.

ఒక ప్రమాదం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. తగ్గే క్రమంలో అన్నాన్ని శత్రువుగా చూడటం అలవాటైనవాళ్లు సాధనలోనూ కడుపు మాడ్చుకుంటారు. కిలో బరువును కిలోమీటరు పరుగెత్తించడానికి సుమారు ఒక క్యాలరీ కావాలి. అంటే 70 కిలోల మనిషికి మారథాన్ మొత్తానికి 2,900 పైచిలుకు. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో దాగి ఉండే శక్తి దాదాపు 2,000 క్యాలరీలే. అందుకే 30 కిలోమీటర్లు దాటాక కాళ్లు మొరాయిస్తాయి. నెలల తరబడి తక్కువ తింటూ పరుగెత్తితే ఎముకలు చిట్లవచ్చు, ఆడవాళ్లకు నెలసరి ఆగిపోవచ్చు. ఎక్కువ దూరం పరుగెత్తే ముందు రోజు అన్నం కడుపునిండా తినాల్సిందే.

ఫిషర్‌కు ఆ తర్వాతి కాలంలో బరువు చాలావరకు తిరిగొచ్చింది. మారథాన్ పతకం కూడా ఒక అంకె లాంటిదే, దాని గడువూ తీరిపోతుంది. కాబట్టి పరుగు మీదే ఇష్టం కుదరాలి, పక్కన పరుగెత్తే తోడు దొరకాలి. ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 10 కిలోమీటర్ల పరుగు కూడా ఉంది. మొదటిసారికి అది చాలు. మధుమేహమో, గుండె జబ్బో ఉంటే ముందు డాక్టర్‌ను కలవండి. ఆ తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో రేపు పొద్దున్నే మొదలుపెట్టండి.