మనవాడికి ఒక తూకం, పరాయివాడికి మరో తూకమా?



అమెరికాలో ఉన్న మన తెలుగు సంఘాలకు వెళ్లివచ్చిన వారిని అడగండి. సెప్టెంబరు మొదలు ఫిబ్రవరి వరకు, ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర ఒక గోల వినబడుతుంది. పెద్దవాళ్లు ఊరి సంగతులు చెప్పుకుంటుంటారు. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలు మాత్రం మరో మూల చేరి, ఫోనులో ఏదో చూస్తూ గొంతు పెంచుతుంటారు. "ఆ పెనాల్టీ అన్యాయం" అని ఒకడు, "వాడికి ఆరు ఆటల సస్పెన్షన్ ఏం సరిపోతుంది?" అని మరొకడు. మనవలను చూడడానికి ఇక్కడినుంచి వెళ్లిన అమ్మమ్మకు అదేమీ తలకెక్కదు.

వాళ్లు మాట్లాడుకునేది అమెరికన్ ఫుట్‌బాల్ గురించి. ఆ మాటల్లో సగం ఆట సంగతి. మిగతా సగం, కాస్త చెవి పెట్టి వింటే, న్యాయం సంగతి. రూలు ఎవరు పెట్టాలి, ఎందుకు మార్చాలి, తప్పు చేసినవాడికి ఎంత శిక్ష వేయాలి అనే ప్రశ్నలవి. కాబట్టి ఆ ఆటను, దాని చుట్టూ నడిచే వాదనలను కొంచెం తెలుసుకుందాం.

ముందు ఆట. జట్టుకు 11 మంది. మైదానం 100 గజాలు. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు ఉంటాయి. వాటిలో 10 గజాలు ముందుకు వెళ్లగలిగితే మళ్లీ నాలుగు అవకాశాలు దొరుకుతాయి. ఎదుటి జట్టు పని బంతి పట్టుకున్నవాణ్ణి ఆపి నేల మీద పడేయడం. మన కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి పట్టేసినట్టే అనుకోండి. తేడా ఏమిటంటే, ఇక్కడ చాలామంది నూరు కిలోలు దాటినవాళ్లు. తలకు హెల్మెట్ పెట్టుకుని, పరుగు మీద వచ్చి ఢీకొంటారు. ఎవరైనా రూలు తప్పితే రిఫరీ పసుపు గుడ్డ విసురుతాడు. తప్పు చేసిన జట్టు కొన్ని గజాలు నష్టపోతుంది.

ఇంత మొరటు ఆటకు రూళ్లు మార్చే చరిత్ర కూడా పాతదే. 1905లో ఒక్క సీజన్‌లోనే కనీసం 18 మంది ఆటగాళ్లు చనిపోయారని అప్పటి పత్రికలు లెక్క వేశాయి. అప్పట్లో ఇది ప్రధానంగా బడి పిల్లలు, కాలేజీ విద్యార్థులు ఆడే ఆట. అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిపించి మాట్లాడాడు. మరుసటి ఏడాది రూళ్లు మారాయి. బంతిని ముందుకు విసరడానికి అనుమతి వచ్చింది. అంతవరకు అందరూ ఒకేచోట గుంపుగా తొక్కుకునే ఆట మైదానమంతా పరుచుకుంది. ఈనాడు అభిమానులు ఏ విసురు చూసి లేచి నిలబడి చప్పట్లు కొడతారో, ఆ విసురు ప్రాణాలు కాపాడాలన్న ఆలోచనతో వచ్చిన మార్పుల్లో ఒకటి. ఇప్పుడు ఎన్.ఎఫ్.ఎల్. అని పిలిచే వృత్తిపరమైన లీగ్ ఆ తరువాత, 1920లో, మొదలైంది. ఈరోజు అందులో 32 జట్లు ఉన్నాయి.

"ఆట మెత్తబడిపోయింది, మునుపటిలా లేదు" అని గొణిగే అభిమానులు ఈ చరిత్రను ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది.

ఆ తరువాతి పెద్ద మార్పుకు కారణం బయటికి కనబడని గాయం. పిట్స్‌బర్గ్ జట్టు తరఫున నాలుగు సూపర్ బౌల్ విజయాలు చూసిన మైక్ వెబ్‌స్టర్ 2002లో యాభై ఏళ్లకే చనిపోయాడు. చివరి ఏళ్లలో మతి స్థిమితంగా లేక, నిలకడైన ఇల్లు కూడా లేక బాధపడ్డాడు. నైజీరియా నుంచి వచ్చిన బెన్నెట్ ఒమాలు అనే వైద్యుడు ఆయన మెదడును పరీక్షించాడు. తలకు పదే పదే తగిలిన దెబ్బలవల్ల మెదడు క్రమంగా క్షీణించిపోయే జబ్బు ఆనవాళ్లు అందులో కనబడ్డాయి. వైద్యులు దాన్ని సి.టి.ఇ. అంటారు. 2005లో ఒమాలు ఆ సంగతి ప్రచురిస్తే, లీగ్ పక్షాన ఉన్న వైద్యులు ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోవాలని పట్టుబట్టారు. ఆయన తీసుకోలేదు.

2017లో బోస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎన్.ఎఫ్.ఎల్.లో ఆడి చనిపోయిన 111 మంది మెదళ్లను పరీక్షిస్తే 110 మందిలో ఈ జబ్బు కనబడింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఏదో తేడా ఉందని అనుమానపడిన కుటుంబాలే ఎక్కువగా ఆ మెదళ్లను దానం చేశాయి. అందుచేత ఆడినవారందరికీ ఇదే గతి అని చెప్పలేం. కాని దెబ్బ ఊరికే పోదని మాత్రం తేలింది.

అక్కడినుంచి రూళ్లు వరుసగా బిగిశాయి. 2018 నుంచి తల వంచి హెల్మెట్‌తో ఎదుటివాణ్ణి ఢీకొంటే 15 గజాల పెనాల్టీ. 2024లో మరో రకం పట్టును నిషేధించారు. వెనకనుంచి పట్టుకుని, తన బరువంతా ఎదుటివాడి కాళ్ల మీదికి జారవిడవడం అది. చీలమండలు, మోకాళ్లు పోతున్నాయని లీగ్ చెప్పింది. ఆటగాళ్ల సంఘమే దీన్ని వ్యతిరేకించింది. కన్ను మూసి తెరిచేలోగా జరిగిపోయే పట్టులో ఏది తప్పో, ఏది ఒప్పో ఎలా తేలుస్తారన్నది వారి ప్రశ్న. ఆ ప్రశ్నలోనూ న్యాయం ఉంది.

అదే ఏడాది ఆట మొదలుపెట్టే కిక్‌ఆఫ్ కూడా మారింది. మునుపు ఒక జట్టు బంతిని తన్ని, పూర్తి వేగంతో పరుగెత్తుకొచ్చి ఎదుటి జట్టును ఢీకొనేది. ఇప్పుడు తన్నేవాడిని మినహాయిస్తే ఆ జట్టులో మిగిలిన పదిమందీ ఎదుటి జట్టుకు దగ్గరగా వరుసలో నిలబడాలి. బంతి కింద పడేదాకా, లేదా దాన్ని అందుకునేవాడికి తగిలేదాకా రెండు వరుసలూ కదలకూడదు. దూరం తగ్గింది కాబట్టి వేగం తగ్గింది. 2023లో నూటికి సుమారు 22 కిక్‌ఆఫ్‌లను మాత్రమే పట్టుకుని పరుగెత్తేవారు. 2024లో అది సుమారు 33కు పెరిగింది. భద్రతా పెరిగింది, ఆటా పెరిగింది. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలన్న వాదన ఎప్పుడూ నిజం కాదని ఇది చూపిస్తుంది.

రూలు మారాలంటే 32 జట్ల యజమానుల్లో కనీసం 24 మంది ఒప్పుకోవాలి. 2025లో, బంతి పట్టుకున్నవాణ్ణి వెనకనుంచి తోటివాళ్లు నెట్టే ఎత్తుగడను నిషేధించాలని ప్రతిపాదన వచ్చింది. ఫిలడెల్ఫియా జట్టు ఆ ఎత్తుగడలో ఆరితేరింది. 22 మంది నిషేధానికి ఓటేశారు, పదిమంది వద్దన్నారు. రెండు ఓట్లు తక్కువై ప్రతిపాదన వీగిపోయింది. అది నిజంగా ప్రమాదకరమా, లేక ఆ జట్టును ఆపలేక అడుగుతున్నారా? అభిమానులు నెలల తరబడి వాదించుకున్నది దీని మీదే.

కోపంలో చేసిన రూలు ఎంతకాలం నిలుస్తుందో కూడా ఈ లీగ్ చూసింది. 2019 జనవరిలో న్యూ ఆర్లీన్స్, లాస్ ఏంజిలస్ జట్ల మధ్య పోటీలో, సూపర్ బౌల్‌కు ఎవరు వెళ్లాలో తేలే ఘట్టంలో, అందరికీ కనబడిన తప్పును రిఫరీలు పట్టించుకోలేదు. న్యూ ఆర్లీన్స్ ఓడింది. ఊరంతా భగ్గుమంది. ఆ ఒత్తిడిలో అలాంటి తప్పులను వీడియో చూసి సరిదిద్దవచ్చని కొత్త రూలు తెచ్చారు. అది సరిగ్గా ఒక్క సీజన్ నడిచింది. ఎవరికీ తృప్తి కలగక దాన్ని వదిలేశారు. గాయం నిజమే. కాని ఆవేశం చల్లారకముందే రాసిన మందు పనిచేయలేదు.

ఇక శిక్షల విషయం. మైదానంలో ప్రమాదకరమైన దెబ్బ కొడితే జరిమానా పడుతుంది. ఆటగాడు అప్పీలు చేసుకుంటే, లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి నియమించిన మాజీ ఆటగాళ్లు వింటారు. తప్పు మరీ ఘోరమైతే సస్పెన్షన్. 2019 నవంబరులో క్లీవ్‌ల్యాండ్ ఆటగాడు మైల్స్ గారెట్ ఎదుటి ఆటగాడి హెల్మెట్ ఊడబెరికి దానితోనే అతని తల మీద కొట్టాడు. ఆ సీజన్‌లో మిగిలిన ఆరు ఆటలూ అతనికి పోయాయి.

మైదానం బయట జరిగే తప్పుల దగ్గరే త్రాసు ఎక్కువ ఊగింది. 2014 ఫిబ్రవరిలో బాల్టిమోర్ ఆటగాడు రే రైస్ తాను పెళ్లాడబోయే అమ్మాయిని లిఫ్టులో కొట్టాడు. స్పృహ తప్పిన ఆమెను బయటికి ఈడుస్తున్న దృశ్యం అప్పుడే బయటపడింది. అయినా లీగ్ రెండు ఆటల సస్పెన్షన్‌తో సరిపెట్టింది. విమర్శలు రావడంతో, తాను సరిగా నిర్ణయించలేదని కమిషనర్ రోజర్ గుడెల్ ఒప్పుకుని, ఇకముందు ఇలాంటి తప్పుకు ఆరు ఆటలని ప్రకటించాడు. సెప్టెంబరులో లిఫ్టు లోపలి వీడియో బయటికొచ్చింది. అదే రోజు జట్టు అతన్ని తీసేసింది, లీగ్ నిరవధికంగా సస్పెండ్ చేసింది. నవంబరులో మాజీ న్యాయమూర్తి ఒకరు ఆ రెండో శిక్షను కొట్టివేశారు. ఒకే తప్పుకు రెండుసార్లు శిక్ష వేయకూడదన్నది కారణం.

ఆలోచించండి. ఫిబ్రవరిలోనూ, సెప్టెంబరులోనూ ఆ అమ్మాయికి తగిలిన దెబ్బ ఒక్కటే. మారింది జనం కంటికి కనబడిన బొమ్మ. దెబ్బను బట్టి కాక, చూసినవారి కోపాన్ని బట్టి శిక్ష పెరిగితే దానిలో దెబ్బతిన్నవారికి దక్కేదేమిటి?

2022లో డెషాన్ వాట్సన్ అనే ఆటగాడి విషయంలోనూ ఇదే చిక్కు. రెండు డజన్ల మందికి పైగా స్త్రీలు అతను లైంగికంగా అనుచితంగా ప్రవర్తించాడని చెప్పారు. అతను కాదన్నాడు. అతనిపై క్రిమినల్ అభియోగాలు మోపలేదు. లీగ్ రూళ్లను అతిక్రమించాడని తేల్చిన మాజీ న్యాయమూర్తి స్యూ రాబిన్సన్ ఆరు ఆటల సస్పెన్షన్ విధించారు. శిక్షల స్థాయిని లీగ్ ముందుగా హెచ్చరించకుండా ఒక్కసారిగా పెంచమంటోందని ఆమె అన్నారు. లీగ్ అప్పీలుకు వెళ్లింది. చివరికి 11 ఆటలు, 50 లక్షల డాలర్ల జరిమానా దగ్గర రాజీ కుదిరింది. అది తక్కువని కొందరు, ఎక్కువని కొందరు. ఎవరు ఏమన్నారో చూస్తే వాళ్లు ఏ జట్టు అభిమానులో చాలాసార్లు చెప్పేయవచ్చు.

అసలు మాట ఇదే. అదే దెబ్బ పరాయి జట్టువాడు కొడితే "వాణ్ణి ఆటలోంచే తీసేయాలి" అంటాం. మనవాడు కొడితే "ఆటలో ఇవి మామూలే" అంటాం. రెండు తూకపురాళ్లు జేబులో పెట్టుకుని తిరగడమంటే ఇదే.

రెండు తూకాలు అభిమానుల జేబుల్లోనే లేవు. మెదడు జబ్బుల కేసులో వేలమంది మాజీ ఆటగాళ్లతో లీగ్ చేసుకున్న ఒప్పందానికి 2015లో కోర్టు ఆమోదం దొరికింది. ఎవరికి ఎంత నష్టం జరిగిందో లెక్కకట్టే పరీక్షల్లో నల్లజాతి ఆటగాళ్ల తెలివితేటలు మొదటినుంచే తక్కువ స్థాయిలో ఉంటాయన్నట్టు లెక్క వేసే పద్ధతి వాడారు. దానివల్ల వారి మెదడు దెబ్బతిన్నదని నిరూపించడం కష్టమైంది. మాజీ ఆటగాళ్లు, వారి భార్యలు పోరాడాక 2021లో లీగ్ ఆ పద్ధతిని మానుకుంటానని ఒప్పుకుంది. ఒకే మైదానంలో, ఒకే జట్టు కోసం దెబ్బలు తిన్నవారికి రెండు కొలతలు!

2023 జనవరి 2 రాత్రి మాత్రం కాసేపు తూకాలన్నీ పక్కకు పోయాయి. సిన్సినాటిలో ఆట మొదటి భాగంలోనే బఫెలో జట్టు ఆటగాడు డమార్ హామ్లిన్ ఒకణ్ణి పడగొట్టి, లేచి నిలబడి, మళ్లీ కుప్పకూలాడు. గుండె ఆగిపోయింది. ఛాతీ నొక్కి, విద్యుత్ పరికరంతో గుండెను మళ్లీ కొట్టించారు. ఆటగాళ్లు చుట్టూ మోకరించారు. మరునాడు టీవీలో ఆట విశ్లేషణ మధ్యలోనే ఒక మాజీ ఆటగాడు తల వంచి, గొంతెత్తి ప్రార్థించాడు. ఆ ఆట మళ్లీ జరగలేదు, రద్దయింది. పిల్లలకు బొమ్మలు కొనడానికి 2,500 డాలర్లు కావాలని హామ్లిన్ గతంలో మొదలుపెట్టిన నిధికి, ఏ జట్టువారన్న తేడా లేకుండా జనం 80 లక్షల డాలర్లకు పైగా పంపారు. అతను బతికాడు. అదే ఏడాది తిరిగి మైదానంలోకీ వచ్చాడు.

ఆ రాత్రి పడిపోయినవాడు ఏ జట్టువాడని ఎవరూ అడగలేదు. నేల మీద ఉన్నది ఒక తల్లి బిడ్డ అని అందరికీ తెలుసు. మంచి రూలు పుట్టేది ఆ చూపులోంచే. న్యాయమైన శిక్ష కూడా అక్కడినుంచే రావాలి. అది ముందుగా అందరికీ తెలిసి ఉండాలి. తప్పుకు తగినంత ఉండాలి. పేరున్నవాడికీ కొత్తవాడికీ ఒకటే ఉండాలి. దెబ్బతిన్నవాళ్లను మరచిపోకూడదు.

కాబట్టి ఈసారి మీ మనవడో, మీ సంఘంలోని యౌవనస్థుడో ఏ ఆట గురించైనా, అది క్రికెట్ అయినా సరే, ఆవేశంగా మాట్లాడుతుంటే కసురుకోకండి. పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి: "సరే నాన్నా, అదే పని మీ జట్టువాడు చేసి ఉంటే?" వాడు కాసేపు ఆగితే చాలు. ఆ తరువాత అదే ప్రశ్న మనల్ని మనం అడుగుదాం. మన ఇంటివాడు తప్పు చేసినప్పుడు, మన సంఘంలో పెద్దమనిషి కొడుకు తప్పు చేసినప్పుడు, మన చేతిలో ఉన్నది ఏ రాయి?