మట్టిదిబ్బ మీద మాట ఎవరిది?

మంచిర్యాల జిల్లా కాసిపేటలో ఏ ముచ్చట మొదలుపెట్టినా బొగ్గుబాయి దగ్గరికే చేరుతుంది. సింగరేణి మందమర్రి ఏరియా కిందికొచ్చే కాసిపేట గనులు ఇక్కడే ఉన్నాయి. పొరుగున కల్యాణిఖని ఓపెన్‌కాస్టు గని (ఓసీ), మరోపక్క దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీ. ఏ జాగాలో తవ్వాలో, ఎక్కడ మట్టి పోయాలో కంపెనీల కాగితాల మీద పక్కాగా ఉంటుంది. డ్యూటీ దిగొచ్చిన కార్మికుడు సాయంత్రం నలుగురితో కూర్చునే నీడ మాత్రం ఏ కాగితంలోనూ కనిపించదు.

పార్కులు రాలేదని కాదు. 2020 నుంచి తెలంగాణలో ఊరూరా పల్లె ప్రకృతి వనాలు వెలిశాయి. ముందు రంగుల ఆర్చి, లోపల నడకదారి, దాని వెంట వరుసగా మొక్కలు, రెండు మూడు సిమెంటు బెంచీలు. ఏ ఊరికెళ్లినా దాదాపు ఇదే నమూనా! ఎక్కడ సర్కారు జాగా దొరికితే అక్కడ వేశారు. అది ఊరికి దూరమైతే ముసలివాళ్లు అంతదూరం నడవలేరు, చీకటిపడితే ఆడవాళ్లు పోరు. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని 2018 పంచాయతీరాజ్ చట్టం షరతు పెట్టింది. ఆ వనానికి రోజూ ఎంతమంది వస్తున్నారో లెక్క అడిగిన వారు లేరు. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చాక, నీళ్లు పోసే బాధ్యత ఎవరిదన్నదీ చాలాచోట్ల ప్రశ్నే అయింది.

అసలు పెద్ద జాగా గనుల దగ్గరుంది. ఓసీ తవ్వితే గుట్టలంత మట్టిదిబ్బలు, అడుగు కనిపించని గుంతలు మిగులుతాయి. జనం వాటిని బొందలగడ్డలనే అంటారు. కేంద్ర బొగ్గు శాఖ 2009లో గని మూసివేత ప్రణాళికను తప్పనిసరి చేసింది. అప్పటి ధరల్లో ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష రూపాయల చొప్పున విడిగా ఎస్క్రో ఖాతాలో జమ చేయాలంది. అంటే పైసలకు దారి ఉంది. దిబ్బ మీద టేకు పెంచాలా, పశువుల మేతకు వదలాలా, గుంతలో నీళ్లు నిలిపి చేపలు పెంచాలా అన్నది ఊరితో కూర్చుని తేల్చుకోవాలి.

అలా జనం మాట వింటే ఏమవుతుందో జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్ చూపింది. అక్కడ 1985లో ఒక ఇనుము కర్మాగారం మూతపడింది. కూల్చేద్దామంటే స్థానికులు అడ్డం తిరిగారు. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ పీటర్ లాట్జ్ దాన్ని అలాగే ఉంచి పార్కుగా మలిచాడు, 1994లో తెరిచారు. ఇనుప ఖనిజం నిల్వచేసిన బంకర్ల గోడలను ఇప్పుడు పర్వతారోహకుల సంఘం ఎక్కే సాధనకు వాడుకుంటోంది. నీళ్లు నింపిన గ్యాస్ ట్యాంకులో డైవింగ్ నేర్పుతున్నారు. వాడుకునేవాళ్లే ముందుకొచ్చారు కాబట్టి దానికి కాపలా కరువు రాలేదు.

మన దగ్గర జనం మాటకు చట్టంలో ఒక తలుపుంది. పర్యావరణ అనుమతి కోసం పెద్ద గనులకు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలని 2006 నోటిఫికేషన్ చెబుతోంది. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, సభను వీడియో తీయాలి. ఆ సభల్లో నౌకరి, నష్టపరిహారం, బ్లాస్టింగ్‌కు ఇళ్లు నెర్రెలివ్వడం గురించే గట్టిగా అడుగుతారు. అడగాల్సిందే. ఈసారి అలాంటి ప్రకటన కనబడితే ఇంకో ప్రశ్నా జోడించండి: గని మూసేశాక ఆ భూమిని ఏం చేస్తారో, నక్షా మీద చూపించమనండి.