ఖలీఫా పదవియు ఇస్లాము మతమును

1923 డిసెంబరు మాసాంతమున కాకినాడయందు జాతీయ మహాసభ జరిగినపుడు అధ్యక్షపీఠము నధిష్ఠించినవారు మౌలానా మహమ్మదాలీగారు. ఖిలాఫతు సంరక్షణమునకై దేశమెల్ల సంచరించి, కరాచీ విచారణలో రెండేండ్ల కఠినకారాగారశిక్ష విధింపబడి, విడుదలయై వచ్చిన నాయకుడని మహాసభవారు ఆయనను గౌరవించిరి. ఆ సభ ముగిసి రెండుమాసములు గడచెనో లేదో, 1924 మార్చి 3వ తేదీన అంగోరాయందలి తురుష్క మహాజాతీయసభ ఖిలాఫతు పదవినే రద్దు చేసెను. ఏ పదవికొఱకు హిందూదేశమున వేలకొలది జనులు చెఱసాలల కేగిరో, ఆ పదవిని తొలగించినవారు ఆంగ్లేయులు కారు, గ్రీకులు కారు. ఖలీఫాను తమ నడుమ నుంచుకొన్న మహమ్మదీయులే. అప్పటి యావేశములు చల్లారి నూఱేండ్లు దాటినవి. మతమునకును రాజకీయమునకును గల సంబంధమును గూర్చి ఈ యుదంతము నేర్పు పాఠమును ఇపుడు శాంతచిత్తముతో విచారింపవచ్చును.

ఖలీఫాయనగా వెనుకవచ్చువాడు, ప్రతినిధి యని యర్థము. 632లో మహమ్మదు ప్రవక్త నిర్యాణమందిన పిదప ఆయన ప్రవక్తృత్వమునకు వారసుడు లేడు. కాని సమాజపాలనమునకు పెద్ద యొకడు కావలెను గనుక అబూబకరు నెన్నుకొనిరి. అలీయే యర్హుడని తలంచినవారి పక్షమునుండి కాలక్రమమున షియా శాఖ వెలసినది. అనగా నమాజు, ఉపవాసములవలె సర్వసమ్మతమైన విధిగా గాక, ఖిలాఫతు ఆదినుండియు వివాదమునకు లోనైన ప్రశ్నగానే యున్నది. 661 నుండి ఉమయ్యదులును, 750 నుండి అబ్బాసీయులును దానిని వంశపారంపర్యమగు రాజ్యముగా మార్చిరి. 1229లో ఢిల్లీ సుల్తాను ఇల్టుట్మిషు బాగ్దాదు ఖలీఫానుండి గౌరవవస్త్రములను అధికారపత్రమును పొందెను. అంతమాత్రమున ఢిల్లీపాలనము బాగ్దాదు చేతికి పోలేదు. 1258లో మంగోలులు బాగ్దాదును కొల్లగొట్టి ఖలీఫాను వధించిరి. మతము నశింపలేదు, పైగా పారశీకమున రాజ్యమేలిన ఆ మంగోలు వంశమే కొన్ని దశాబ్దములకు ఇస్లామును స్వీకరించినది.

1517లో ఈజిప్టును జయించిన ఉస్మానీయ తురుష్కులకు ఆ బిరుదు క్రమముగా సంక్రమించినది. 1774లో రుష్యాచేత నోడి, క్రిమియాలోని తాతారులపై రాజ్యాధికారమును గోలుపోయినపుడు, ఖలీఫా హోదాలో వారిపై మతాధికారమైనను తమకుండవలెనని సుల్తానులు సంధిపత్రమున వ్రాయించుకొనిరి. రాజ్యము సన్నగిల్లినకొలది బిరుదు బలిసినది. రెండవ అబ్దుల్ హమీదు 1876 మొదలు 1909 వఱకు గల తన పాలనములో, ఐరోపా రాజ్యముల యొత్తిడి నెదుర్కొనుటకు దీనినే ముఖ్యాయుధముగా గైకొనెను. అక్కఱకు వచ్చినపుడు మతమును పిలిచినది రాజనీతియే గాని, రాజ్యమును తనంత తాను కోరినది మతము కాదు.

మొదటి మహాయుద్ధమున తురుష్కరాజ్య మోడిపోగా, మక్కా మదీనాల సంరక్షకుడగు ఖలీఫా పరప్రభువుల చేతిలో బొమ్మయగునన్న వ్యాకులము భారత మహమ్మదీయులలో ప్రబలినది. అది నిజమైన వ్యాకులము. దానిని పరిహసించుట తగదు. 1919 నవంబరులో ఢిల్లీయందు జరిగిన ఖిలాఫతు సమావేశమునకు గాంధీమహాత్ముడు అధ్యక్షత వహించెను. పొరుగువాని కష్టమును మన కష్టముగా నెంచినగాని స్నేహము నిలువదని ఆయన తలంపు. 1920 ఆగస్టు 1వ తేదీన సహాయనిరాకరణోద్యమ మారంభమైనది. ఆ నెల 10వ తేదీన సేవ్రు సంధిచే తురుష్కరాజ్యమును ముక్కలుచేయ నిశ్చయించిరి. హిందువులును మహమ్మదీయులును ఒకే వేదిక నెక్కి, ఒకే కారాగారమున నుండి, పరస్పరము నెఱిగిన దినములవి. ఆ త్యాగమును తక్కువచేసి మాటాడువారు చరిత్రకు న్యాయము చేసినవారు కారు.

అయినను త్యాగము గొప్పదైనంతమాత్రమున పునాది గట్టిదని చెప్పరాదు. 1920లో ఇది ధర్మరాజ్యము కాదని యెంచి వేలాది మహమ్మదీయులు ఇల్లుపొలము లమ్ముకొని ఆఫ్గనిస్థానమునకు వలసపోయిరి. అంతమందిని పోషింపలేక ఆ రాజ్యము ద్వారములు మూసికొనగా, అనేకులు దారిలో మడిసిరి. మిగిలినవారు సర్వమును గోలుపోయి తిరిగివచ్చిరి. 1921 ఆగస్టులో మలబారునందు మాపిళ్లల తిరుగుబాటు చెలరేగెను. భూస్వాముల పీడనము, పోలీసుల దౌర్జన్యము, మతావేశము అందు కలగలిసినవి. హిందూకుటుంబములు హత్యలకును బలవంతపు మతాంతరీకరణమునకును గురియైనవి. అణచివేత దినములలో మాపిళ్ల ఖైదీలు మూసిన రైలుపెట్టెలో ఊపిరాడక సుమారు డెబ్బదిమంది మరణించిరి. దూరదేశపు సింహాసనమును పేర్కొని రగిల్చిన జ్వాల ఆ సింహాసనమునకు వేడినీయలేదు. ఇరుగుపొరుగు కొంపలను మాత్రము కాల్చినది.

ఇక తురుష్కుల వైపు చూతము. ముస్తఫా కెమాలు నాయకత్వమున వారు ఆయుధబలముచేతనే స్వాతంత్ర్యమును నిలుపుకొని, 1922 నవంబరు 1వ తేదీన సుల్తాను పదవిని రద్దుచేసిరి. ఆఱవ మెహమదు ఆంగ్లేయుల యుద్ధనౌక నెక్కి పలాయనమయ్యెను. రాజ్యాధికారములేని ఖలీఫాగా అబ్దుల్ మజీదును జాతీయసభ యెన్నుకొనెను. మఱుసటి సంవత్సరాంతమున ఆగాఖానుగారును అమీరలీగారును ఖలీఫా గౌరవమును కాపాడుమని కోరుచు అంగోరా ప్రభుత్వమునకు లేఖ వ్రాసిరి. అది ఇస్తాంబూలు పత్రికలలో ప్రకటితమైనది. ఈ యిరువురును బ్రిటిషు సామ్రాజ్యపు ప్రముఖులు. పైగా షియా శాఖకు చెందినవారు. ఇది పరాయివారి జోక్యమని అంగోరా మండిపడెను. ఉపకారముగా నుద్దేశింపబడిన లేఖ ఖలీఫా పదవి యంతమును త్వరితము చేసినది.

రద్దు దినమున సభలో దీర్ఘోపన్యాసము చేసినవారిలో న్యాయమంత్రి సయ్యదు బేగారొకరు. ఆయన ధర్మశాస్త్రపండితుడు. ఖిలాఫతు లోకవ్యవహారమునకు సంబంధించిన ప్రభుత్వవిషయమే కాని మతమూలము కాదని శాస్త్రప్రమాణములతోనే వాదించెను. కాబట్టి ఆ నిర్ణయమును కేవలము నాస్తికుల పనిగా త్రోసివేయుటకు వీలులేదు. తురుష్కులు మతమును ప్రభుత్వమునుండి పూర్తిగా విడదీసిరనుటయు నిజము కాదు; మసీదులను ఇమాములను ప్రభుత్వ శాఖ యొకదాని క్రిందికి తెచ్చిరి. ఖలీఫా పోయినను మతముపై రాజ్యపు చేయి పోలేదు.

పిదప ఆ పదవికై ఇతరులు చేతులు చాచిరి. మక్కా ప్రభువు హుసేను ఆ మాసమందే తాను ఖలీఫానని ప్రకటించుకొనెను. ఆ యేడు ముగియకమునుపే ఇబ్నుసౌదు దాడికి రాజ్యమును విడిచెను. 1926లో కైరోలో చేరిన ఖిలాఫతు సభ ఎవ్వరి నెన్నుకొనలేక విడిపోయెను. అంతకుముందు సంవత్సరమే ఈజిప్టు న్యాయాధికారి అలీ అబ్దుల్ రాజికు, ప్రవక్త సందేశము మతమే గాని రాజ్యస్థాపనము కాదని గ్రంథము వ్రాసి, అజ్‌హరు పండితులచే ఉలేమాలనుండి బహిష్కృతుడయ్యెను. మన కాలమున, 2014లో, ఇరాకునందలి మోసులులో ఉగ్రవాదుల నాయకుడొకడు ఖలీఫానని చాటుకొనెను. ప్రపంచమందలి ఉలేమాలు బహుళముగా వానిని నిరాకరించిరి. వాని చేతిలో మొదట నలిగినవారిలో మహమ్మదీయులే అధికసంఖ్యాకులు.

పదభ్రష్టుడైన అబ్దుల్ మజీదు ఫ్రాంసున నివసించెను. నిజాము ఉస్మానలీఖాను ఆయనకు భరణమొసగుచుండెను. 1931లో నీసు పట్టణమున ఆయన పుత్రిక దుర్రెషహవారును నిజాము జ్యేష్ఠకుమారుడు ఆజంజా వివాహమాడెను. ఉస్మానీయ వంశపుదే యగు నీలోఫరును రెండవకుమారుడు మువజ్జంజా పెండ్లాడెను. ఖలీఫా 1944లో పారిసున మరణించెను. పది సంవత్సరములకు గాని ఆయన దేహమునకు మదీనాలో సమాధి లభింపలేదు. 1948లో నిజాము రాజ్యమును ముగిసినది. నేడు హైదరాబాదునందు ఆ రాజకుమార్తె లిరువురి పేర నిలిచియున్నవి వైద్యశాలలే. సింహాసనములు రెండును పోయినవి. మతభేదమెన్నక రోగులకు తెఱచిన ద్వారములు మిగిలినవి.

ఇస్లామునందు మతమును రాజకీయమును వేఱుచేయరాదని కొందఱు వాదింతురు. రాజ్యపాలకుడు ధర్మమునకు బద్ధుడు కావలెననుట వారి యాశయమైనచో అందెవరికిని విరోధము లేదు. ఏ మతమును రాజునకు అధర్మమును బోధింపదు. కాని రాజ్యపదవియే మతమనుట వేఱు మాట. 1920లో ఖిలాఫతును సమర్థించి గ్రంథము వ్రాసిన మౌలానా ఆజాదుగారే 1940లో రామగఢు మహాసభ యధ్యక్షులై, తాను ముసల్మానుడననియు, అవిభాజ్యమగు భారతజాతిలో నొక యంగమననియు ప్రకటించిరి. 1920లో సహాయనిరాకరణము నామోదింపక మహాసభను విడిచిన జిన్నాగారు 1940లో లాహోరునందు మతప్రాతిపదికపై ప్రత్యేకరాజ్యములను కోరిన సభకు అధ్యక్షులైరి. అట్లు 1947లో పుట్టిన రాజ్యము 1971లో రెండైనది; ఏకమతము భాషాభిమానమును, ఆర్థికన్యాయమును కోరు ప్రజలను కట్టియుంచలేకపోయినది. ప్రపంచమందు మహమ్మదీయులు మిక్కిలి విస్తారముగా గల దేశములలో నొకటియగు ఇండొనేషియా 1945 ఆగస్టు 18వ తేదీన, ముస్లిములు షరియతు ననుసరింపవలెనను వాక్యమును రాజ్యాంగపీఠికనుండి తొలగించుకొన్నది. అన్యమతస్థులు వేఱుపడకుండుటకై ముస్లిము నాయకులే దాని కంగీకరించిరి. అందువలన అక్కడి మసీదులు శూన్యములు కాలేదు.

కావున మనము గ్రహింపవలసినది స్పష్టము. మతసామరస్యమును బేరముగా కుదుర్చుకొనరాదు. నీ సింహాసనమునకు నేను తోడ్పడెదను, నా గోవును నీవు కాపాడుమను నొడంబడిక, సింహాసనము కూలిననాడే కూలును. ఒకే కాలువనీరు పాఱు పొలములు, ఒకే న్యాయస్థానము, ఒకే పన్ను, ఒకే వోటుహక్కు, ఈ సమానబంధములపై నిలిచిన స్నేహము ఏ దూరపుసభ తీర్మానముచేతను చెదరదు. మతమును ఓట్లకై పిలుచు నాయకుడు ఏ మతమువాడైనను, ఆతడు తన పదవిని రక్షించుకొనుచున్నాడా, మన ధర్మమును రక్షించుచున్నాడా యని మొదట ప్రశ్నింపుడు. ఖలీఫా లేని ఈ నూఱేండ్లలో ఇస్లాము క్షీణింపలేదు. పదవుల యాసరా లేకయే జీవింపగల శక్తి ప్రతి మతమునకును కలదు. మతము నాశ్రయింపక బ్రతుకనేరనివి పదవులే.