బూట్ల డబ్బాలో క్రిస్మస్

అమెరికాలో కొన్ని ఇళ్లలో క్రిస్మస్ పనులు జులైలోనే మొదలైపోతాయి. బడులు తెరిచేముందు నోటుపుస్తకాలూ పెన్సిళ్లూ చౌకగా దొరికేది అప్పుడే మరి! కొనేది సొంత పిల్లలకు కాదు... ఎక్కడో పేరు కూడా తెలియని చిన్నారులకు.

1990లో వేల్స్‌కు చెందిన డేవ్, జిల్ కుక్ దంపతులు రుమేనియా అనాథ పిల్లలకు బూట్ల డబ్బాల్లో కానుకలు సర్ది పంపారు. అలా మొదలైన 'ఆపరేషన్ క్రిస్మస్ చైల్డ్'ను 1993 నుంచి సమారిటన్స్ పర్స్ అనే క్రైస్తవ సంస్థ నడుపుతోంది. ఆడపిల్లకా మగపిల్లాడికా, ఏ వయసువారికో డబ్బా మీద చీటీ అతికించి నవంబరు మూడోవారంలో అప్పగించాలి.

చిక్కల్లా ఖర్చుతోనే. రవాణాకూ ఇతరత్రా ఖర్చులకూ డబ్బాకు 10 డాలర్ల చొప్పున ఇమ్మంటారు. అందుకే అనుభవమున్న ఇల్లాళ్లు ముందు ఆ సొమ్ము పక్కన పెట్టేసి, మిగిలిందాంతోనే కొంటారు. మూడు డబ్బాలు అరకొరగా నింపేకన్నా ఒక్కటి నిండుగా పంపడమే నయం. పిల్లల చూపు పక్కవాడి డబ్బా మీదే ఉంటుంది కదా!

మొదట చూడగానే పిల్లాడి మొహం వెలిగిపోయే వస్తువు ఒక్కటి... గాలి తీసిన ఫుట్‌బాల్, దాంతోపాటు చిన్న పంపు. ప్లాస్టిక్ గ్లాసులో సాక్సులు చుట్టి కుక్కితే చోటూ కలిసొస్తుంది. ఇంట్లో మిగిలిన కొత్తగుడ్డతో పెన్సిళ్ల సంచి కుట్టేయొచ్చు. సబ్బు, దువ్వెన, టూత్‌బ్రష్ సరే. టూత్‌పేస్టు, మిఠాయిలు, బొమ్మ తుపాకులు మాత్రం పనికిరావు. పైసా ఖర్చులేని ఉత్తరమూ, ఇంటిల్లిపాదీ ఉన్న ఫొటో పెట్టడం మరవరు.

క్రిస్మస్ మర్నాడు బొమ్మల ధరలు పడిపోగానే మళ్లీ బజారుకు... వచ్చే ఏటి డబ్బా కోసం!