మధ్యలో ఆగిన చదువు మళ్లీ మొదలైతే కాలేజీ ఏం చేస్తోంది?

ఏటా కాలేజీలకు ర్యాంకులు వస్తాయి. న్యాక్ గ్రేడ్లు ఫ్లెక్సీలై గేట్ల మీద వేలాడతాయి. ఇంటర్ పూర్తి చేసిన పిల్లలకు అవి కొంత ఉపయోగపడతాయి. పెళ్లితో చదువాగిపోయి, ఇద్దరు పిల్లలు పుట్టాక డిగ్రీ కట్టాలనుకునే అంగన్‌వాడీ ఆయాకు ఆ గ్రేడు ఏమీ చెప్పదు. ఇంటర్ తప్పి, పదేళ్లు సెంట్రింగ్ పని చేసి మళ్లీ పుస్తకం పట్టిన అన్నకూ చెప్పదు. ఇలాంటివాళ్లు మన ప్రతి వాడలోనూ ఉన్నారు. వాళ్ల వైపు నుంచి కాలేజీని ఎలా కొలవాలో చూద్దాం.

లెక్కల్లో కనబడని వయసు

ఉన్నత విద్య ఎంతమందికి అందిందో చెప్పడానికి ప్రభుత్వం వాడే కొలత స్థూల నమోదు నిష్పత్తి. 2021-22 సర్వే ప్రకారం అది దేశం మొత్తం మీద 28.4 శాతం, ఎస్సీల్లో 25.9 శాతం. తేడా రెండున్నరే కదా అనిపిస్తుంది. కానీ ఈ లెక్క కట్టే పద్ధతి చూడాలి. కాలేజీలో చేరినవాళ్ల వయసు ఎంతైనా అందరినీ కలుపుతారు. ఆ మొత్తాన్ని 18-23 ఏళ్ల జనాభాతో భాగిస్తారు. కాబట్టి 35 ఏళ్లకు చేరిన మహిళ ఈ అంకెలో విడిగా కనబడదు. 35 ఏళ్లొచ్చినా చేరలేకపోయిన మహిళ అసలే కనబడదు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఎస్సీ మహిళల అక్షరాస్యత 56.5 శాతమే. అప్పుడు చదువు అందనివాళ్లు ఎక్కడికీ పోలేదు, ఇవాళ మన మధ్యే ఉన్నారు.

2016 నుంచి ఇస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో మరో చిక్కుంది. నిర్ణీత కాలంలో ఎంతమంది పాసయ్యారన్నది అందులో ఒక కొలత. కూలికి పోతూ మూడేళ్ల డిగ్రీని ఐదేళ్లలో పూర్తి చేసిన మనిషిది మనకు గెలుపు. ఆ కొలతలో మాత్రం ఆ మనిషి వల్ల కాలేజీకి కలిసొచ్చేదేమీ లేదు. అలాంటప్పుడు పనిచేసుకునేవాళ్లను చేర్చుకోవాలన్న ఆసక్తి కాలేజీకి ఎందుకుంటుంది?

బాబాసాహెబ్ చూపిన దారి

అంబేద్కర్ 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని, మరుసటి ఏడాది బొంబాయిలో సిద్ధార్థ కాలేజీని స్థాపించారు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు కూడా చదవగలిగేలా అక్కడ పొద్దున పూట తరగతులు నడిచాయి. మనిషి పనివేళలను బట్టి కాలేజీ వేళలు మారాయన్నమాట.

1982లో హైదరాబాద్‌లో మొదలైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. బడి సర్టిఫికెట్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు మొదట్లో అక్కడ ఉండేది. బడి మానేసిన లక్షలమందికి అది ఎంత పెద్ద తలుపో చెప్పనక్కర్లేదు. ఇప్పుడు ఇంటర్, లేదా దానికి సమానమైన అర్హత ప్రధాన ద్వారమైంది. అందుకే మన కార్యకర్తలు డిగ్రీ గురించి మాట్లాడేటప్పుడు ఓపెన్ స్కూల్ పది, ఇంటర్ గురించి కూడా మాట్లాడాలి.

ఐదు ప్రశ్నలు

మీ ఊరి డిగ్రీ కాలేజీనైనా, దూరవిద్య స్టడీ సెంటర్‌నైనా కొలవడానికి ఈ ఐదు ప్రశ్నలు చాలని మేం అనుకుంటున్నాం.

ఒకటి, వేళ. ఆదివారం తరగతులు పెడితే సరిపోదు. హాల్ టికెట్‌లో తప్పు దిద్దించుకోవడానికి, మార్కుల మెమో తీసుకోవడానికి ఆఫీసు ఎప్పుడు తెరుస్తున్నారు? పనిదినాల్లోనే అయితే ఒక్క సంతకానికి ఒక రోజు కూలి పోతుంది. ‘రేపు రండి’ అంటే రెండు రోజుల కూలి.

రెండు, డబ్బు. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కోసం కేంద్రం 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కరెస్పాండెన్స్ విద్యార్థులకు పుస్తకాల కోసం ఏడాదికి 1,200 రూపాయలు ఉండేది. ఆదాయ పరిమితి దాటని ఉద్యోగస్తులైన విద్యార్థులకు తిరిగి రాని ఫీజులు చెల్లించే వీలూ ఉండేది. అదే ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన విద్యాదీవెన నిబంధనలు దూరవిద్యను బయట పెట్టాయి. పని మానుకోలేక దూరవిద్యలో చేరినవాళ్లకే సాయం ఆగిపోవడం ఏ న్యాయం? మీ కాలేజీలో దూరవిద్య చదివే ఎస్సీ విద్యార్థుల్లో ఎంతమందికి ఏ పథకం కింద ఎంత అందిందో అడగండి.

మూడు, పాఠం. అంబేద్కర్ వర్సిటీ తెలుగు పుస్తకాలను గ్రూప్స్‌కు చదివేవాళ్లు కూడా కొని చదువుతారు. పుస్తకం అంత బాగున్నా అది పరీక్షకు ముందు చేతికి అందాలి. ఇంట్లో ఒకే ఫోను ఉండి, అది పిల్లల చేతిలో ఉంటే ఆన్‌లైన్ పాఠం తల్లికి అందినట్టు కాదు.

నాలుగు, తిరిగి రావడం. మధ్యలో మానేసినా సంపాదించిన క్రెడిట్లు దాచుకోవచ్చని 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ తెచ్చారు. ఆ క్రెడిట్ల గడువు గరిష్ఠంగా ఏడేళ్లు. కాన్పులు, వలస, అప్పులు ఏడేళ్ల గడువు చూసుకుని రావు. మానేసినవాళ్లకు కాలేజీ నుంచి ఒక్క ఫోన్ కాలైనా వెళ్లిందా?

ఐదు, మర్యాద. తనకంటే చిన్న గుమాస్తా ‘ఈ వయసులో నీకెందుకమ్మా చదువు’ అంటే ఆ మనిషి మళ్లీ ఆ మెట్లెక్కదు. ఆ మాటకు కులం కూడా తోడైతే అది వివక్షే. యూజీసీ 2012 నిబంధనలు ప్రతి విద్యాసంస్థలో వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలన్నాయి. ఆదివారం మాత్రమే వచ్చే విద్యార్థికి ఆ అధికారి ఎవరో, ఎక్కడ దొరుకుతారో తెలుసా?

అంకెలు రాబట్టాలి

ఈ ప్రశ్నల్లో కొన్నింటికి జవాబులు రికార్డుల్లోనే ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘ఎంతమంది చేరారు’ అని మాత్రమే అడగొద్దు. ఆరేళ్ల కింద చేరినవాళ్లలో ఎంతమంది మొదటి పరీక్ష రాశారు, ఎంతమంది పట్టా తీసుకున్నారు అని అడగండి. కులం, లింగం, వయసు వారీగా అడగండి. ‘వయసు వివరాలు మా దగ్గర లేవు’ అన్న జవాబొస్తే అది కూడా దాచిపెట్టుకోండి. పెద్ద వయసు విద్యార్థులను ఆ సంస్థ చూడనే లేదనడానికి అదే రుజువు.

రికార్డుల్లో దొరకనిది వాడలో దొరుకుతుంది. విద్యార్థి సంఘాలు ఒక్కో స్టడీ సెంటర్‌ను ఎంచుకుని, చేరి మానేసిన పదిమంది ఇళ్లకు వెళ్లి ఎందుకు మానేశారో రాసుకుంటే చాలు. ఆఫీసు వేళలా, ఫీజా, పుస్తకాలా, ఎవరైనా అన్న మాటా అన్నది తేలుతుంది. అప్పుడు మన డిమాండ్ ‘చదువు కావాలి’ అన్న నినాదం దగ్గర ఆగదు. ఫలానా సెంటర్‌లో ఆదివారం కౌంటర్ తెరవాలి, ఫలానా నిబంధన మార్చాలి అని రాతపూర్వకంగా అడగగలం.